న్యూయార్క్ పెట్టె, షికాగో బస్సు, ఎల్.బి.నగర్ చౌరస్తా

ఆ రోజు సాంబమూర్తి పెట్టుకున్న పని చాలా చిన్నది. పదిన్నరకల్లా వనస్థలిపురంలోని కాలనీ రీడింగ్ రూముకు చేరుకోవాలి. న్యూయార్క్‌లో 1932లో నడిచిన సబ్‌వే రైలు పెట్టెల గురించి పాతికమంది పిల్లలకు అరగంట చెప్పాలి. ఆ తరువాత షికాగో పాత బస్సుల గురించి జానయ్య మరో అరగంట చెబుతాడు. రెంటిలో ఏది మేలో పిల్లలు చేతులెత్తి తేలుస్తారు. ఒంటిగంటకు ఇంటికొచ్చి గుత్తివంకాయ కూరతో భోజనం.

సాంబమూర్తి దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. తెనాలి వదిలి ఇరవై రెండేళ్లయినా, ఆయన నోరు విప్పితే రెండో మాటకల్లా ఊరు తెలిసిపోతుంది. జానయ్య ఆర్టీసీ డ్రైవరు. నకిరేకల్ దగ్గరి పల్లె నుంచి వచ్చి సాంబమూర్తి వెనక వీధిలో ఉంటున్నాడు. ఒకాయన రోజూ ఎక్కే బస్సును రెండో ఆయన నడపడంతో మొదలైన స్నేహం అది. ఇద్దరూ అమెరికా చూసినవాళ్లు కారు. అయినా రైలు గొప్పా బస్సు గొప్పా అని పదకొండేళ్లుగా వాదించుకుంటున్నారు. ఆదివారాలు కోఠీలో పేవ్‌మెంటు మీద దొరికే పాత పత్రికల్లోంచి సాంబమూర్తి న్యూయార్క్ పెట్టెల బొమ్మలు కత్తిరించుకునేవాడు. అలాంటి ఒక పత్రికలోనే జానయ్య షికాగో బస్సును చూసి మనసు పారేసుకున్నాడు. వంటగ్యాసులాంటి గ్యాసుతో యాభై ఏళ్ల కిందటే నడిచిన బస్సు.

"గా ఇంజన్ సప్పుడు ఒక్కపారి ఇంటే సాలు సారూ," అనేవాడు ఆ బొమ్మ చూసినప్పుడల్లా.

అది 2011 సెప్టెంబరు చివరి వారం. తెలంగాణ కోసం సకల జనుల సమ్మె నడుస్తోంది. బస్సులు డిపోల్లోనూ, పిల్లలు ఇళ్లలోనూ ఉండిపోయారు. బస్సులు నోరెత్తకుండా పడి ఉన్నాయి కాని పిల్లలు అలా లేరు. అందుకని రీడింగ్ రూము కార్యదర్శి విజయదుర్గ ఫోన్ చేసింది. "మనకి మెట్రో రైలు వస్తుందంటున్నారు కదండీ. రైలు మేలో బస్సు మేలో మీరిద్దరూ వచ్చి పిల్లలకి చెప్పండి. ఒక పూటైనా ఇళ్లు ప్రశాంతంగా ఉంటాయి."

సాంబమూర్తి వారం రోజులు కూర్చుని అట్టతో, రేకుతో రెండు రైలు పెట్టెలు చేశాడు. ఒకదానికొకటి తగిలించే కొక్కేలు కూడా అమర్చాడు. స్నేహధర్మంగా జానయ్య బస్సు కూడా తానే చేశాడు. చెరొక బ్యానరు రాయమని సైన్‌బోర్డు పెయింటరుకు ఇచ్చాడు. సాంబమూర్తి తనకోసం రాయించుకున్నది 'కలిసి నడిస్తేనే బలం: న్యూయార్క్ సబ్‌వే పెట్టెలు, 1932'. జానయ్యకు రాయించినది 'మన బండి మనమే నడుపుకుందాం: షికాగో గ్యాసు బస్సులు'. పెయింటరు మొదటి ముక్కలను మూరెడు అక్షరాలతో రాసేసరికి గుడ్డ అయిపోయింది. న్యూయార్కూ షికాగో అడుగున చీమల్లా మిగిలాయి. ఆ అక్షరాలను ఆ రోజుల్లో ఎల్.బి.నగర్ చౌరస్తాలో విప్పితే ఏమవుతుందో సాంబమూర్తికి తట్టలేదు. ఆయన బుర్రంతా రైలు పెట్టెలతోనే నిండి ఉంది.

ఒక్కొక్కరి సరంజామా ఒక్కొక్క మిక్సీ డబ్బాలో సర్ది రెంటినీ మంచం కింద పెట్టాడు. ఉదయం ఏడున్నరకు జానయ్య బైకు మీద వచ్చాడు. ముందు చౌరస్తాలో ఆర్టీసీ కార్మికుల దీక్షా శిబిరంలో కనపడి, అటునుంచి అటే వనస్థలిపురం వస్తానన్నాడు. "కుడివైపుది నీది," అన్నాడు సాంబమూర్తి కాఫీ తాగుతూ. జానయ్య కుడివైపు డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

తొమ్మిదింటికి ఫోను మోగింది. జానయ్య గొంతు బావిలోంచి వస్తున్నట్టుంది.

"సారూ, డబ్బ మారింది. మీ రైలు నా దగ్గరున్నది. బ్యానర్ గూడ ఇప్పిన్రు."

"ఎవరు విప్పారయ్యా?"

"అందరు."

ఆ వెంటనే "ఎవలికి ఫోన్ కొడ్తున్నవు జానన్నా?" అని ఒక ఆడగొంతు గద్దించింది. ఫోను ఆగిపోయింది.

సాంబమూర్తి సగం నురగ మొహంతో భార్య వంక చూశాడు. నాగేశ్వరి తడబడింది. "పొద్దున్నే మంచం కింద చిమ్మి మళ్లీ పెట్టానండీ. రెండూ మిక్సీ డబ్బాలేగా, ఏది ఎటు ఉందో నాకేం తెలుసు?"

'కలిసి నడిస్తేనే బలం' అంటే ఇప్పుడు రైలు పెట్టెల మాట కాదని ఆయనకు అప్పుడు తట్టింది. సమ్మె మొదలైన రోజు నుంచి అందరికంటే ముందు వచ్చి శిబిరంలో కూర్చునే జానయ్య, ఆ శిబిరంలోనే సమైక్యవాదుల బ్యానరు తెచ్చినవాడయ్యాడు. ఇరవై ఏళ్లు కలిసి పనిచేసినవాళ్లు ఇక అతని మొహం చూస్తారా?

"వెళ్లి చెబుతాను, తప్పు నాదని," అంటూ రెండో డబ్బా స్కూటరుకు కట్టాడు.

"దారిలో ఎవరన్నా ఆపితే నోరు విప్పకండి," అంది నాగేశ్వరి. "తల ఊపండి, చాలు."

"ఎటు ఊపాలే?"

"వాళ్లు ఎటు ఊపితే అటు."

రోడ్డు పొడవునా షట్టర్లు దించి ఉన్నాయి. కొత్తపేట దగ్గర రోడ్డుకు అడ్డంగా రాళ్లు, వాటి నడుమ పొగలు కక్కుతున్న టైరు, ఓ ఎనభై మంది మనుషులు. కాస్త ఎడంగా పోలీసు వ్యాను. నుదుటికి గుడ్డ కట్టుకున్న యువకుడొకడు చెయ్యి అడ్డం పెట్టాడు. పక్కవాళ్లు అతన్ని మహేష్ అని పిలుస్తున్నారు.

"యాడికి సారూ?"

సాంబమూర్తి తల ఊపాడు.

"డబ్బల ఏమున్నది?"

మళ్లీ ఊపాడు. వెనక ఎవరో "గీయన ఏం మాట్లాడ్తలేడేంది?" అన్నారు. గుంపు దగ్గరికి జరిగింది. మహేష్ తాడు విప్పి డబ్బా తెరిచాడు. ముందు బస్సు బయటికొచ్చింది, దాని కింద గుడ్డచుట్ట. ఇద్దరు చెరో కొసా పట్టుకుని విప్పారు.

'మన బండి మనమే నడుపుకుందాం.'

ఆ వెంటనే లేచిన కేకకు పోలీసు వ్యానులోంచి ఇద్దరు కిందికి దిగారు. "అరె, ఏం రాసిన్రు సారూ! జై తెలంగాణ!" అన్నాడు మహేష్. సాంబమూర్తి కూడా "జై..." అన్నాడు. మిగతాది ఆయన అన్నాడో లేదో ఆ హోరులో ఎవరికీ వినపడలేదు. బ్యానరును స్కూటరు ముందు కట్టారు, బస్సును ఆయన ఒళ్లో పెట్టారు. ఇంజను వెయ్యనివ్వకుండా వెనక నుంచి తోశారు. "బాబూ, నేను పిల్లలకి పాఠం..." అని మొదలుపెట్టాడు. "సారు మాట్లాడ్తడంట, శిబిరంల మాట్లాడిపిద్దం!" అన్నారు ఎవరో. దారిపొడుగునా జనం కలుస్తూ వచ్చారు. ఎల్.బి.నగర్ చేరేసరికి సాంబమూర్తి మూడువందల మంది ఊరేగింపుకు నాయకుడయ్యాడు. ఎవరో ఆయన ఫొటో తీసి, అప్పుడే ఎవరికో పంపించారు కూడా.

శిబిరంలో జానయ్య ఒక మూల ప్లాస్టిక్ కుర్చీలో తల వంచుకుని కూర్చున్నాడు. అతని చుట్టూ నాలుగడుగుల ఖాళీ ఉంది. కాళ్ల దగ్గర రైలు పెట్టెలు, ఎదురుగా నేలమీద పరిచిన 'కలిసి నడిస్తేనే బలం'. దాని పక్కన నడుముకు చేతులు పెట్టుకుని నిలబడ్డ ఆవిడ యాదలక్ష్మి. కండక్టరు, శిబిరానికి పెద్ద. ఇందాక ఫోనులో గద్దించిన గొంతు ఆవిడదే.

సాంబమూర్తిని వేదిక ఎక్కించి మైకు ఇచ్చారు. ఎదుట మూడువందల మొహాలు. జానయ్య తలెత్తి ఆయన వంక చూశాడు, వద్దన్నట్టు కళ్లతోనే చెప్పాడు.

సాంబమూర్తి అనుకుంటే బస్సు గురించి నాలుగు మాటలు చెప్పి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవచ్చు. కాని నేలమీది బ్యానరు వైపు చెయ్యి చూపించాడు.

"అయ్యా, ఆ కిందనున్న బ్యానరు నాదండీ. జానయ్యది కాదు. ఆయన బ్యానరు ఇదిగో, నా స్కూటరుకు ఉన్నది. డబ్బాలు మారిపోయాయి. అది న్యూయార్కు రైలు, ఇది షికాగో బస్సు. వేరే అర్థం ఏమీ లేదండీ."

రెండో మాటకే తెనాలి బయటపడింది. గుసగుసలు లేచాయి. మహేష్ మొహం మాడిపోయింది. "అంటే మీరు సమైక్యమా?" అని ఎవరో అరిచారు. కుర్చీలు కదిలాయి. యాదలక్ష్మి చెయ్యెత్తింది. అంతా సద్దుమణిగింది.

"ఆగుండ్రి. సారూ, గీ రైలు సంగతి జర సమజ్ చేపియ్యి. గీ పెట్టెలకు మోటర్ యాడుంటది?"

ఫిజిక్స్ ప్రశ్న. సాంబమూర్తి భయం సగం పోయింది. "ప్రతి పెట్టెకీ దాని మోటారు దానికే ఉంటుందమ్మా. అదే వీటి గొప్ప."

"మరి నడిపేది ఎవలు?"

"ముందు పెట్టెలో ఉన్న డ్రైవరు. అన్ని మోటార్లూ ఆయన చేతిలో హ్యాండిలుకే కదులుతాయి."

"అంటే మోటర్ మాది, హ్యాండిల్ ముంగట పెట్టెల ఉన్నోనిదా?"

"అవునమ్మా," అన్నాడు ఉపాధ్యాయుడి నిజాయితీతో. మూలనుంచి ఎవరో ఈల వేశారు.

"ఎనకున్నోళ్లకు దిగాలనిపిస్తే?"

సాంబమూర్తి తన రైలును కాపాడుకోబోయాడు. "అలా వదిలెయ్యరమ్మా! ప్రతి పెట్టెలోనూ ఒక తాడు ఉంటుంది. అది లాగితే మొత్తం రైలు ఆగిపోవలసిందే."

"గా తాడే గుంజినం సారూ!" అంది యాదలక్ష్మి జనం వైపు తిరిగి.

శిబిరం దద్దరిల్లింది. మహేష్ వచ్చి సాంబమూర్తిని కావలించుకున్నాడు. యాదలక్ష్మి తానే వెళ్లి జానయ్యను లేపి, చాయ్ గ్లాసు చేతికిచ్చి, "ఏమనుకోకు అన్నా," అంది. జానయ్య ఆ చాయ్ తాగడానికి చాలాసేపు పట్టింది. పదకొండేళ్లుగా రైలు కోసం పోరాడిన సాంబమూర్తి, ఒక్క పూటలో మూడువందల మందిని బస్సు పక్షానికి తిప్పాడు.

ఇంతలో విజయదుర్గ ఫోను. "మీ ఫొటో అప్పుడే మా కాలనీ అంతా తిరిగిందండీ. రామమోహనరావుగారు చాలా కోపంగా ఉన్నారు. పిల్లలు పదిన్నర నుంచీ కూర్చున్నారు. వస్తే తొందరగా రండి, లేకపోతే అసలు రాకండి."

స్కూటరు బ్యానరుతో సహా శిబిరానికి ద్వారమైపోయింది, దాన్ని కదపనివ్వలేదు. జానయ్య బైకు వేదిక వెనక ఎక్కడో కుర్చీల కింద పడి ఉంది. ఇద్దరూ చెరో డబ్బా నెత్తిన పెట్టుకుని ఎండలో బయలుదేరారు.

రీడింగ్ రూములో పిల్లల కంటే పెద్దలే ఎక్కువ ఉన్నారు. రామమోహనరావు రిటైర్డ్ ఇంజనీరు, ఏలూరు మనిషి. గుమ్మంలోనే ఆపాడు. "ఏమయ్యా మూర్తీ, ఊరేగించారటగా! ఇక్కడ ఇల్లు కట్టుకున్నవాళ్లం మేమంతా ఏమైపోవాలి?"

జానయ్య రామమోహనరావును దాటుకుని లోపలికొచ్చాడు. అన్ని కళ్లూ తనమీదే ఉన్నాయని తెలుసు. తన బస్సును డబ్బాలోనే ఉంచి, రైలు పెట్టెలు రెండూ బల్లమీద పెట్టాడు.

"సారుది ఏం తప్పు లేదు. నన్ను బచాయించనీకి ఒచ్చిండు, గంతే. గిప్పుడు ఆయన మాట నేను చెప్త. గీ పెట్టెల పేముతోటి అల్లిన సీట్లుండె, మీద ఫ్యాన్లుండె. న్యూయార్కోళ్లు నలభై ఏండ్లు కూసున్నరు. నా బస్సుల గట్ల లేవు, ఒప్పుకుంటున్న." కొక్కెం మీద వేలు పెట్టాడు. "గిది సూడుండ్రి. తీస్తే రెండు పెట్టెలు. తగిలిస్తే ఒక్క రైలు."

రామమోహనరావు వంగి చూశాడు. "విడదీస్తే పెట్టె దెబ్బతినదా?"

"గుంజి తెంపితే తింటది సారూ. కొక్కెం మంచిగ ఇడిపిస్తే ఒక్క గీత గూడ పడది. ఎవలి సీట్ల వాళ్లు కూసోనే ఉంటరు." ఆగి, మెల్లగా అన్నాడు. "మీరు మా పక్కింటోళ్లే గద. రేపు గూడ గంతే."

రామమోహనరావు కొక్కెం తానే విప్పి, మళ్లీ తగిలించి, మళ్లీ విప్పి చూశాడు. తరువాత కుర్చీ లాక్కుని కూర్చుని, "మంచి రైలు," అన్నాడు. పెద్దలు తలలూపారు. సాంబమూర్తి బయటికి చూస్తూ కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"సరే, పిల్లలూ, ఇప్పుడు చేతులెత్తండి," అంది విజయదుర్గ. "రైలు మేలా? బస్సు మేలా?"

ముందు వరుసలో మనవరాలి పక్కన కూర్చున్న హనుమాయమ్మగారికి ఒక సందేహం వచ్చింది. "ఉండమ్మా. ఇంతకీ మీరిద్దరూ ఇప్పుడు దేంట్లో వచ్చారు నాయనా?"

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"నడిచొచ్చామండీ," అన్నాడు సాంబమూర్తి.

పాతిక చేతులూ కాలినడకకే లేచాయి.