ఏడు లోపాల వ్యాను

ఆదివారం పొద్దున్నే తొమ్మిదింటికి వెళ్ళి వ్యాను చూసి, నచ్చితే అడ్వాన్సు ఇచ్చి, పదకొండింటికల్లా ఇంటికొచ్చి వారం బట్టలు ఉతుక్కోవాలన్నది లైబ్రేరియన్ గారి ఆలోచన. ఆయన ఆలోచనలన్నీ ఇలాగే చిన్నగా, పొందిగ్గా ఉంటాయి. భార్య నర్సు. ఆరో తరగతి చదివే అమ్మాయి, ఐదేళ్ళ కవల మగపిల్లలు, అత్తగారు. మొత్తం ఆరుగురు. ఉన్న కారేమో నలుగురికి సరిపోయేది. ఎక్కడికి బయలుదేరినా అందరూ కారులో ముందు చేరుకోవడం, ముప్పావుగంట తర్వాత లైబ్రేరియన్ గారు బస్సు దిగి చెమట తుడుచుకుంటూ చేరుకోవడం ఆ ఇంట్లో అలవాటైపోయింది.

అదైనా అలాగే సాగిపోయేది గానీ, బుధవారం అత్తగారి మోకాలికి ఆపరేషన్. ఆ తర్వాత నెల రోజులు కాలు మడవకూడదనీ, మూడు రోజులకోసారి చూపించడానికి తీసుకురావాలనీ డాక్టరు చెప్పారు. ఉన్న కారులో ఆవిడ కాలు చాపితే అది డ్రైవరు ఒళ్ళోకి వస్తుంది. అందుకని ఎనిమిది సీట్ల సెకండ్ హ్యాండ్ వ్యాను ఒకటి వెతికారు. అమ్మే ఆయన తూనికలు కొలతల శాఖలో ఇన్‌స్పెక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. తొమ్మిదేళ్ళుగా వాడిన బండి, ధర కూడా అందుబాటులోనే ఉంది.

అంతా సవ్యంగా ఉందనగా నర్సు తమ్ముడు రంగంలోకి దిగాడు. వాటర్ ఫిల్టర్లు అమ్మడం అతని ఉద్యోగం. పాత బండ్లు కొనడం గురించి ముందురోజు కూర్చుని పద్నాలుగు వీడియోలు చూశాడు. బండి బాగుందని మన మొహాల్లో కనిపిస్తే ధర ఒక్క రూపాయి కూడా దిగదన్నాడు. తను వంకలు పెడుతుంటాడు, మిగతావాళ్ళు దిగులుగా నిలబడాలి. ఎవరూ నవ్వకూడదు, ఎవరూ మెచ్చుకోకూడదు.

"నువ్వసలు మాట్లాడకు బావా. నీ మొహం చూస్తేనే ఎవరైనా ఎక్కువ చెప్తారు" అన్నాడు.

లైబ్రేరియన్ గారికి మాట్లాడకుండా ఉండటం కష్టమేమీ కాదు. జీతం తీసుకుంటున్నదే అందుకు.

కారులో ఐదుగురు ఎలాగో ఇరుక్కున్నారు. లైబ్రేరియన్ గారు బావమరిది స్కూటరు వెనక కూర్చున్నారు. ఇన్‌స్పెక్టరు గారి వాకిట్లో వ్యాను తళతళలాడుతూ నిలబడి ఉంది. అత్తగారు ఎవరూ చెప్పకముందే తలుపు జరిపి, మధ్య సీట్లో కూర్చుని, కాలు చాపి చూసుకున్నారు. కాలు పూర్తిగా పట్టింది. ఆవిడ మొహం విప్పారింది. బావమరిది గట్టిగా దగ్గాడు. ఆవిడ మొహం మళ్ళీ ముడుచుకున్నారు గానీ, కిందికి మాత్రం దిగలేదు.

ఇన్‌స్పెక్టరు గారు ఇంజను స్టార్టు చేశారు. బావమరిది చెవి బానెట్టుకి ఆనించి, కళ్ళు మూసుకుని, పెదవి విరిచాడు. ఇంజను గొంతు బొంగురుగా ఉందన్నాడు. పక్కకి జరిగే తలుపు పట్టేస్తోందనీ, ఏదో ఒకరోజు నడిరోడ్డు మీద ఊడి వస్తుందనీ అన్నాడు. వెనక సీటు కుంగిందన్నాడు. టైర్లు నాలుగూ నాలుగు రకాలుగా అరిగాయన్నాడు. బ్రేకు తొక్కితే బండి ముక్కు వంచుతోందన్నాడు. ముందు అద్దంలో గీత ఉందన్నాడు. చివరికి ఏమీ దొరక్క హారను కొట్టి చూసి, మరీ మర్యాదగా మోగుతోందన్నాడు.

ఇలాంటప్పుడు అమ్మేవాళ్ళు వాదిస్తారని వీడియోల్లో ఉంది. ఇన్‌స్పెక్టరు గారు వాదించలేదు. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి, ఒక్కొక్కటీ నంబరు వేసి రాసుకున్నారు. హారను దగ్గర మాత్రం ఆగి, "మర్యాదగా అంటే తక్కువగా అనా, నెమ్మదిగా అనా?" అని అడిగి మరీ రాశారు.

అప్పటిదాకా గుమ్మంలో నిలబడి వింటున్న ఆయన భార్య మెట్లు దిగి వచ్చింది. తలుపు ఊడిపోయే బండిలో తనని తొమ్మిదేళ్ళుగా ఆ తలుపు పక్కనే కూర్చోబెట్టారా అని భర్తని నిదానంగా అడిగింది. ఆవిడ అంత నిదానంగా మాట్లాడటం ఆ ఇంట్లో మంచి సూచన కాదని తర్వాత తెలిసింది. ఆయన చెల్లెళ్ళు ముగ్గురినీ వాళ్ళ పిల్లలతో సహా అదే బండిలో తిప్పామని కూడా ఆవిడ గుర్తుచేసింది.

ఇన్‌స్పెక్టరు గారి మొహం పాలిపోయింది. నోటుబుక్కు మూసి జేబులో పెట్టుకున్నారు.

"ముప్ఫై ఒక్క ఏళ్ళు తప్పుడు తూకం వేసేవాళ్ళని పట్టుకున్నాను బాబూ. ఏడు లోపాలున్న బండిని పిల్లలున్నవాళ్ళకి అంటగట్టలేను. మీకే కాదు, ఎవరికీ అమ్మను" అన్నారు.

ధర కొంచెం తగ్గిస్తే సర్దుకుంటామని బావమరిది అన్నాడు. ధరకీ ప్రాణానికీ బేరమేమిటని ఇన్‌స్పెక్టరు గారు నొచ్చుకున్నారు. నొచ్చుకుని ఊరుకోకుండా పాత ఇనుము కొనేవాడికి ఫోను చేశారు. సాయంత్రం నాలుగింటికి వచ్చి బండిని ముక్కలు చేసి పట్టుకుపొమ్మన్నారు.

నర్సు తన తమ్ముడి వైపు చూసింది. ఇంజక్షనంటే పారిపోయే రోగుల్ని ఆవిడ సరిగ్గా అలాగే చూస్తుంది. తమ్ముడు గబగబా మాట మార్చాడు. ఇంజనుకి ఆ మాత్రం గొంతు ఉండాలన్నాడు. తలుపు గట్టిగా ఉండటమే పిల్లలకి క్షేమమన్నాడు. సీటు కుంగితే నడుముకి మంచిదన్నాడు.

"అయితే మీరు ఇందాక చెప్పింది అబద్ధమా, ఇప్పుడు చెప్తున్నది అబద్ధమా?" అని అడిగారు ఇన్‌స్పెక్టరు గారు. అందులో వెటకారమేమీ లేదు. ఆయనకి నిజంగానే తెలుసుకోవాలని ఉంది.

బావమరిది కాసేపు ఆలోచించి, రెండూ కాదన్నాడు. ఇన్‌స్పెక్టరు గారు నోటుబుక్కు తీసి అది కూడా రాసుకున్నారు.

ఈ సంగతి ఇలా తేలేది కాదని ఆయన భార్య తొమ్మిదేళ్ళుగా బండి చూస్తున్న మెకానిక్కుకి కబురు పెట్టింది. మెకానిక్కు షెడ్డు ఆ వీధి చివరే. చేతికి గ్రీజుతోనే వచ్చాడు. ఇన్‌స్పెక్టరు గారు చదివి వినిపించిన ఏడు లోపాల్నీ తల వంచుకుని విన్నాడు. ఏడోది అయ్యాక, ఇవన్నీ కనిపెట్టిన ఇంజనీరు గారెవరో చూడాలని ఉందన్నాడు. అందరూ చూపించారు. కవలలైతే ఇద్దరూ చేతులెత్తి మరీ మావయ్యని చూపించారు.

"నా చేతిలో పెరిగిన బండి ఇది. నీళ్ళ ట్యాంకు గుట్ట మీదికి అందర్నీ ఎక్కించుకుని వెళ్దాం. దారిలో ఒక్కచోట ఆగినా రేపణ్ణించి షెడ్డు తెరవను" అన్నాడు మెకానిక్కు.

అత్తగారు ఎలాగూ లోపలే ఉన్నారు. ఇన్‌స్పెక్టరు దంపతులు, నర్సు, పిల్లలు ఎక్కారు. మెకానిక్కు స్టీరింగు పట్టుకున్నాడు. దాంతో ఎనిమిది సీట్లూ నిండాయి. లైబ్రేరియన్ గారూ బావమరిదీ స్కూటరు మీద వెనకాలే బయలుదేరారు. గుట్ట మొదటి మలుపులో వ్యాను కనిపించింది. రెండో మలుపులో దాని వెనక భాగం కనిపించింది. మూడో మలుపులో ఇద్దరూ స్కూటరు దిగి తోస్తున్నారు.

పైకి చేరేసరికి వ్యాను ట్యాంకు నీడలో తీరిగ్గా నిలబడి ఉంది. మెకానిక్కు బానెట్టు ఎత్తి ఇన్‌స్పెక్టరు గారికి ఒక్కొక్కటీ చూపిస్తున్నాడు. టైర్లు మార్చి నాలుగు నెలలైంది. తలుపుకి కాస్త నూనె చాలు. అద్దంలో గీత అద్దంలోది కాదు, మీద ఎండిపోయిన జిగురు. అది గోటితోనే గీకేశాడు. ఇన్‌స్పెక్టరు గారి మొహంలోకి రక్తం తిరిగి వచ్చింది. పాత ఇనుము కొనేవాడికి ఫోను చేసి రావద్దన్నారు. బండి చుట్టూ ఒకసారి నడిచారు. బానెట్టు మీద చెయ్యి వేసి నిలబడ్డారు.

"ఇంత గట్టి బండిని నేనెందుకు అమ్ముకోవాలి?" అన్నారు.

ఆయన భార్య కూడా అదే మాట అంది. పొద్దుటినుంచీ వాళ్ళిద్దరూ ఏకాభిప్రాయానికి రావడం అదే మొదలు. బావమరిది నోరు తెరిచాడు గానీ, మెకానిక్కు అటు చూసేసరికి మూసేశాడు. లైబ్రేరియన్ గారు భార్య మొహం చూశారు, ఆవిడేమో తన తల్లి కాలు వైపు చూసింది. ఇంకో బండి వెతకడానికి మధ్యలో మిగిలింది రెండు రోజులు.

అప్పుడు వ్యాను లోపల్నించి అత్తగారు మాట్లాడారు.

"అన్నయ్య గారూ, బుధవారం నా మోకాలికి ఆపరేషన్. కాలు చాపుకుని కూర్చోవాలన్నారు. ఇందులో పడుతోంది. బండి ఎక్కిన క్షణమే నచ్చింది. నచ్చిందని చెప్పడం చేతకాక మావాడు ఇంత గొడవ చేశాడు. మీరు చెప్పిన ధరకే ఇచ్చెయ్యండి."

ఇన్‌స్పెక్టరు గారు తలుపు దగ్గరికి వెళ్ళి, చాపిన ఆ కాలిని కొలిచేవాడిలా చూశారు.

"ఈ ముక్క తొమ్మిదింటికే చెప్తే అయిపోయేది కదమ్మా" అన్నారు.

తాళం చెవి తీసి లైబ్రేరియన్ గారి చేతిలో పెట్టారు. లైబ్రేరియన్ గారు ఆ రోజు మొదటిసారి నోరు విప్పి, "థాంక్సండీ" అన్నారు.

కిందికి వచ్చాక అడ్వాన్సు ఇవ్వడం, కాగితాలు చూసుకోవడం, కాఫీలు తాగడం అయ్యాయి. మెకానిక్కు చేతులు తుడుచుకుని షెడ్డుకి బయలుదేరాడు. అందరూ వ్యానులోకి ఎక్కుతుంటే, ఇన్‌స్పెక్టరు గారి చూపు గోడ పక్కన నిలిపిన లైబ్రేరియన్ గారి చిన్న కారు మీద పడింది. చెల్లెళ్ళు ఎవరి బండ్లు వాళ్ళు కొనుక్కున్నారనీ, ఇక తామిద్దరికీ ఆ మాత్రం చాలనీ అన్నారు. అమ్మే ఉద్దేశం ఉందా, అసలు బండి ఎలాంటిదని అడిగారు.

ఎడమవైపు అద్దం దిగదనీ, చలిలో మూడోసారికి గానీ స్టార్టు కాదనీ చెప్పడానికి లైబ్రేరియన్ గారు గొంతు సవరించుకున్నారు. ఆ సవరించుకునేలోపే బావమరిది ముందుకొచ్చాడు.

"వంక పెట్టడానికి చోటే లేదు సార్, బంగారంలాంటి బండి" అన్నాడు.

ఇన్‌స్పెక్టరు గారు వీధిలోకి నడిచి మెకానిక్కుని వెనక్కి పిలిచారు.