అరవై ఒక్క రోజుల పాల నిషేధం

ఏప్రిల్ పదిహేను నుంచి సముద్రంలో వేటతో పాటు రోజారమణి పాలు కూడా నిషేధించడమైనదని తూర్పుకుప్పం పెద్దలు దండోరా వేయించారు. ఇలాంటి కట్టుబాటును ఆ ఊళ్లో దురాయి అంటారు. రెండింటికీ గడువు అరవై ఒక్క రోజులు. దీన్ని ఊళ్లో ఎవరూ వింతగా చూడలేదు. గుడ్లు పెట్టే కాలంలో చేపను వదిలేస్తే సముద్రం బాగుపడుతుందని అందరికీ తెలిసిందే. పాలు ఆపితే తల్లి మాత్రం ఎందుకు బాగుపడదు?

ఇదంతా సూళ్లూరుపేట నుంచి వచ్చిన వైద్య శిబిరం పుణ్యం. కేన్సరును ముందే పసిగట్టే పరీక్ష, అదీ ఉచితం అనేసరికి, పురుడు వెళ్లిన మర్నాడే రోజారమణి బిడ్డను ఎత్తుకుని అత్త గురవమ్మ వెంట వెళ్లి చెయ్యి చాపింది. కేన్సరుకు గుర్తుగా చూసే ఒక ప్రోటీను ఆమె రక్తంలో ఉండాల్సిన దానికన్నా ఎక్కువ ఉందని తేలింది. శిబిరం నడిపే పెంచలకృష్ణ ఏ పనీ సగంలో వదిలే మనిషి కాదు. ఆమె పాలు కూడా సీసాలో పట్టించి పరీక్షకు పంపాడు. పాలలో అది రక్తంలో కన్నా ముప్పై రెట్లుంది. ఆ అంకెను ఎర్రగా అచ్చువేసి ఇచ్చారు.

అదే శిబిరంలో ఊరి పెద్దకాపు కామాక్షయ్యకు షుగరు నాలుగు వందలు వచ్చింది. మరో ఇద్దరు పెద్దలకు లివరు చెడిందని వచ్చింది. ఇవి యంత్రం పొరపాట్లని పెద్దలు అక్కడికక్కడే తేల్చేశారు. రోజారమణి దగ్గరకు వచ్చేసరికి యంత్రం కుదుటపడిందని కూడా తేల్చారు.

ఊరి నర్సు మస్తానమ్మ పరుగున వచ్చింది. “కాన్పయిన ఏ తల్లికైనా అది పెరుగుతాది పెద్దయ్యా. పాలల్లో ఇంకా ఎక్కువే ఉంటాది. అంతమాత్రాన జబ్బు కాదు. బిడ్డకు పాలియ్యనీండి. రెండు నెలలాగి రక్తం మళ్లా చూద్దాం,” అంది. పెద్దలు శ్రద్ధగా విన్నారు. అందులో తమకు అలవాటైన రెండు నెలలను ఉంచుకుని, మిగతాది ఆమెకే వదిలేశారు.

“ఈ దురాయి బిడ్డ మేలుకే వేసినాం,” అని కామాక్షయ్య వలల పందిరి కింద నిలబడి ప్రసంగించాడు. “వేట ఆపినందుకు సర్కారు మనకు భృతి ఇయ్యలా? అట్టనే ఊరు బిడ్డకు డబ్బాపాలు ఇస్తాది.” చప్పట్లు మోగాయి. తల్లి దగ్గరకు బిడ్డ పోకుండా కాపలా కాసే బాధ్యత గురవమ్మకు అప్పగించారు.

మొదటిరోజు మధ్యాహ్నానికే రోజారమణి రొమ్ములు రాళ్లయ్యాయి. జాకెట్టు తడిసి ముద్దయింది. గోడ అవతల చంటివాడు డబ్బాపాలు కక్కి గుక్కపట్టి ఏడుస్తున్నాడు. తనకేమవుతుందో అన్న భయం ఆమెకు అప్పటిదాకా ఉంది. ఆ ఏడుపుతో అది కాస్తా పోయి, బిడ్డ ఆకలి ఒక్కటే మిగిలింది.

గురవమ్మ వాకిట్లోకి వెళ్లి వీధి అటూ ఇటూ చూసింది. లోపలికి వచ్చి బిడ్డను కోడలి ఒళ్లో పడేసింది. “నేను ఆరుగుర్ని పెంచినా. ఒక్కరికీ రిపోర్టు తీయించలా. తాపు,” అంది.

నిషేధంలో దొంగవేటకు పోని పడవ ఆ ఊళ్లో లేదు కాబట్టి, గురవమ్మ ఊరి ఆచారం తప్పిందనడానికి వీల్లేదు. డబ్బాలోని పొడి టీలో ఖర్చవుతూ వచ్చింది. దురాయి సక్రమంగా అమలవుతోందా అని తనిఖీకి వచ్చిన పెద్దలు ఆ టీ తాగి, చిక్కగా ఉందని మెచ్చుకుని వెళ్లేవారు.

గడువు తీరేనాటికి రెండో రిపోర్టు వచ్చింది. రక్తంలో అంకె దిగిపోయింది. చంటివాడు బుగ్గలు పెంచుకుని బూరెలా ఉన్నాడు. కామాక్షయ్య ఆనందానికి అంతులేదు. ఊరినంతా మళ్లీ వలల పందిరి కిందికి పిలిపించాడు.

“సముద్రంలో చేప పెరిగింది. ఈ పిల్ల రక్తంలో విషం తగ్గింది. ఇక మన ఊళ్లో కాన్పయిన ప్రతి తల్లికీ ఇదే దురాయి. ముందుగా ధనలక్ష్మికి,” అన్నాడు.

ధనలక్ష్మికి బిడ్డ పుట్టి పన్నెండు రోజులు. జనం వెనక కూర్చుని పాలిస్తున్నదల్లా బిడ్డ నోటి నుంచి రొమ్ము లాగేసుకుంది. బిడ్డ కెవ్వుమంది. ఆ ఏడుపు రోజారమణికి బాగా తెలిసిన ఏడుపే. ఆమె లేచి నిలబడింది.

“నేను ఒక్కరోజు కూడా ఆపలా పెద్దయ్యా. వాడు తాగిందంతా నా పాలే. అయినా అంకె దిగింది.”

పెద్దలు తలలు దగ్గర పెట్టుకుని చర్చించారు. తీర్పు చెప్పారు. నిషేధం అమలు కాలేదు గనుక అంకె దిగడానికి వీల్లేదు. వీల్లేకపోయినా దిగింది గనుక అది యంత్రం పొరపాటు. కావున నేటి నుంచి రోజారమణికి, ధనలక్ష్మికి మరో అరవై ఒక్క రోజులు నిషేధం. సమ్మతమైనవారు చేతులెత్తాలి.

అందరూ ఎత్తారు. రోజారమణి ఇసుకలో చతికిలబడి, కొంగు కప్పుకుని, అందరి మధ్యా బిడ్డను రొమ్ముకు హత్తుకుంది. ఆమెను చూసి ధనలక్ష్మి కూడా. మర్యాదస్తులు గనుక పెద్దలు మొహాలు పక్కకు తిప్పుకున్నారు. ఉల్లంఘన ఎవరి కంటా పడలేదని పుస్తకంలో రాయించారు. ఎత్తిన చేతులు మాత్రం దించలేదు. అవన్నీ ఏ రిపోర్టూ లేని పాలు తాగి బలిసిన చేతులే. మీవీ, నావీ కూడా.