మందుల షాపాయనకు దక్కిన వరం

పరిశుద్ధాత్మ ఇకమీదట వరసలో రావాలని చర్చి సంఘ పెద్దలు ఏకగ్రీవంగా తీర్మానించారు. తీర్మానం చదివి వినిపించినప్పుడు ఆత్మ తరఫున ఎవరూ అభ్యంతరం చెప్పలేదు కాబట్టి, అది ఆ ఆదివారం నుంచే అమల్లోకి వచ్చింది.

అలాంటి తీర్మానం అనవసరమని ఎవరూ అనలేరు. అంతకుముందు ఆరాధన అంటే సంతే. ఒక మూల భాషల వరం, అంటే ఆత్మ పూని ఎవరికీ తెలియని భాషలో మాట్లాడటం; ఇంకో మూల ప్రవచన వరం. మధ్యలో స్వస్థత వరం గల లాండ్రీ ఆయన, తలనొప్పి లేనివాళ్ల తలమీద కూడా చెయ్యి వేసి నొప్పి తెప్పించేవాడు. వరాలున్నవాళ్లంతా ఒక్కసారే గొంతెత్తితే, ఏ వరమూ లేనివాళ్లు ఓర్పుతో నెట్టుకొచ్చేవారు. అందుకని పెద్దలు క్రమశిక్షణ కమిటీ వేసి, రిటైరైన స్టేషన్ మాస్టరుని అధ్యక్షుడిగా పెట్టారు. రాకపోకల విషయంలో ఆయన గట్టివాడు. రెండో పాట కాగానే ప్రవచనం. మూడో పాటలో అందరూ రెండు చేతులూ ఎత్తడం. ఆ తర్వాత భాషలు. భాషల్లో ఎవరు మాట్లాడినా వెంటనే ఒకరు లేచి అర్థం చెప్పాలి. చెప్పేవాళ్లు లేకపోతే మాట్లాడేవాళ్లు నోరు మూసుకుని కూర్చోవాలి.

చిక్కంతా ఇక్కడే వచ్చింది. భాషలు మాట్లాడేవాళ్లు కొల్లలు. అర్థం చెప్పే వరం కావాలని మాత్రం ఒక్కరూ మోకాళ్లమీద పడి అడిగి ఉండలేదు. పెద్దలు ఉపవాసముండి, తర్వాత భోంచేసి, ఆలోచించి, చివరికి మందుల షాపాయన్ని ఎన్నుకున్నారు. ఆయన అర్హత అందరికీ తెలిసిందే. ఏ డాక్టరు ఏ గీత గీసినా చదివి మందివ్వగలడు.

"డాక్టర్ల రాతే చదివేస్తావు, దేవదూతల మాట నీకో లెక్కా?" అన్నాడు స్టేషన్ మాస్టరు.

రాత అర్థం కానప్పుడు తనేం చేస్తాడో మందుల షాపాయన ఆయనకి చెప్పలేదు. "ఏంటి ఇబ్బంది?" అని కొనడానికి వచ్చినవాళ్లనే అడిగి, తోచింది ఇచ్చేస్తాడు. ఇన్నేళ్లలో ఎవరూ తిరిగొచ్చి ఫిర్యాదు చెయ్యలేదు. ఎందుకు రాలేదో ఆయన లోతుగా ఆలోచించదలుచుకోలేదు.

మొదటి ఆదివారం బేకరీ పెద్దమ్మ కళ్లు మూసుకుని, కన్నీళ్లు కారుస్తూ భాషల్లో మాట్లాడింది. ఆయనకి ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు. వెనకనుంచి స్టేషన్ మాస్టరు "బళ్ల సంగతి చెప్పు" అని గొణిగాడు.

ఆయన లేచి, "నా పిల్లలారా, మీ బండ్లను గేటుకు అడ్డముగా నిలుపకుడి అని ప్రభువు సెలవిస్తున్నాడు" అన్నాడు.

"ఆమెన్" అంది సంఘం.

అప్పట్నుంచి ఆ హాలు నిర్వహణ మీద పరలోకానికి శ్రద్ధ పెరిగింది. ఫ్యాన్లు ఆపకుండా వెళ్లేవాళ్ల గురించి, వంతు వచ్చినా ఊడవనివాళ్ల గురించి ప్రభువు వారంవారం సెలవిచ్చాడు. అర్థం విన్నప్పుడల్లా బేకరీ పెద్దమ్మ మాత్రం కాస్త తెల్లబోయి చూసేది, ఇంత చిన్న విషయానికా తను అంతలా ఏడ్చింది అన్నట్టు.

ఆయనకి మొదట్లో సిగ్గేసింది. తర్వాత అలవాటైంది. ఆ తర్వాత, చెప్పకూడదు గానీ, వరం నిజంగానే ఉందేమోనని అనుమానం వచ్చింది. అద్దం ముందు గొంతు సవరించుకోవడం మొదలుపెట్టాడు. ఇంట్లో భార్య ఏదైనా చెప్పబోతే చెయ్యి అడ్డంపెట్టి "అర్థమైంది" అనేవాడు. ఎడమ భుజం పట్టేసిందని ఆవిడ అంటే, షాపులోంచి పూతమందు తెచ్చాడు. చెయ్యి పైకి లేవట్లేదంటే ఇంకో కంపెనీ పూతమందు తెచ్చాడు. జడ మానేసి జుట్టు వదిలేస్తే, ఈ వయసులో ఫ్యాషనేమిటని ముచ్చటపడ్డాడు కూడా.

ఇలా ఉండగా, మూడో పాటలో ఒకావిడ ఒక్క చెయ్యే ఎత్తుతోందని కమిటీ దృష్టికి వచ్చింది.

"మీ ఆవిడేనయ్యా. సగం స్తుతి ఏంటి? ఈ వారం ఆ సంగతి చెప్పు," అన్నాడు స్టేషన్ మాస్టరు.

ఆ ఆదివారం భాషల వంతు రాగానే లేచింది బేకరీ పెద్దమ్మ కాదు, ఆయన భార్య.

"నాకు భాషలు రావు," అంది. "నా ఎడమ చెయ్యి పైకి లేవట్లేదు. జడేసుకోలేకపోతున్నా. పడుకుంటే ఒకటే సలుపు. చెయ్యి పడిపోతుందేమోనని భయంగా ఉంది. ఇంట్లో చెప్తూనే ఉన్నా, ఆయన వినట్లేదు. అందుకే ఇక్కడ చెప్తున్నా."

అందరూ అలవాటు ప్రకారం మందుల షాపాయన వైపు తిరిగారు. అలవాటు ప్రకారం ఆయనా లేచాడు. నోరు దానంతటదే తెరుచుకుంది.

"నా బిడ్డలలో కొందరు చేతులెత్తుటయందు అశ్రద్ధ చూపుచున్నారని ప్రభువు బాధపడుతున్నాడు."

"ఆమెన్!" అంది సంఘం. పశ్చాత్తాపంతో అందరూ రెండేసి చేతులు ఎత్తారు. అన్ని చేతుల మధ్య ఆయన భార్య ఒక్కతే చేతులు వేలాడేసుకుని ఆయన్నే చూస్తూ నిలబడింది. కోపంగా కూడా చూడలేదు.

అప్పుడు క్రమం తప్పింది. బేకరీ పెద్దమ్మ వంతు లేకుండా లేచి, వరసలు తోసుకుంటూ వెళ్లి, "కూర్చో తల్లీ" అని ఆవిడని కూర్చోబెట్టి, నాలుగో పాట నడుస్తుండగానే జడ అల్లడం మొదలుపెట్టింది. ఇది ఏ వరం కిందికి వస్తుందో స్టేషన్ మాస్టరుకి తోచలేదు. ఆగమని సైగ చేశాడు. పెద్దమ్మ తలెత్తి చూస్తేగా!

మందుల షాపాయనకి సిగ్గు ముంచుకొచ్చింది. ఏడుపొచ్చింది. ఆరాధన కాగానే కమిటీ ముందు నిలబడ్డాడు.

"నాకా వరం లేదండీ. ఎప్పుడూ లేదు. చెప్పినవన్నీ కల్పించినవే. పెళ్లాం విడమరిచి చెప్పిందే అర్థం చేసుకోలేనివాణ్ణి, దేవుడి మాట నాకేం అర్థమవుద్ది?"

స్టేషన్ మాస్టరు ఆప్యాయంగా నవ్వాడు. "అది మాకు తెలీదా? నిజంగా వరం ఉన్నవాడైతే మేం చెప్పమన్నది చెప్తాడా?"

మర్నాడు ఆయన షాపు మూసి భార్యని ఎముకల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. "ఎలా ఉంటోంది నొప్పి?" అని డాక్టరు అడిగితే, తనే జవాబు చెప్పబోయి, నోరు మూసుకుని, భార్య వైపు చూశాడు. ఆవిడ చెప్పింది. చాలాసేపు చెప్పింది. చెయ్యి బాగవుతుంది గానీ, ఆలస్యం చేశారని డాక్టరు కసిరాడు. ఆ కసురుకి అర్థం చెప్పేవాళ్లు ఆయనకి అక్కర్లేకపోయింది.

ఇందుమూలంగా సమస్తమైనవారికి తెలియజేయడమేమనగా, మందుల షాపాయన తప్పుకోవడంతో అర్థం చెప్పే పదవి ఖాళీగా ఉంది. భాషలు రానక్కర్లేదు. వరం అసలే ఉండకూడదు. ఇంట్లోవాళ్లు మాట పూర్తిచెయ్యకముందే జవాబిచ్చేసే అనుభవం ఉంటే చాలు. పోటీ విపరీతంగా ఉన్నమాట నిజమే. అయినా ఇది చదువుతున్న మీరు నిరాశపడకండి. కమిటీవారు మీ ఇంట్లో వాకబు చేయించారట. మీ అర్హతకి ఢోకా లేదని మీవాళ్లు ముక్తకంఠంతో చెప్పారట.