మధ్యలో మైనస్

యజమాని చాయ్ తాగే వేళకు సెలవు అడగాలని రామాంజులు ఆ ఉదయం గడ్డం గీసుకొని వచ్చాడు. సబా అల్ సలేంలోని ఆ అరబ్బుల ఇంట్లో డ్రైవరుగా చేరి మూడేళ్ళయినా ఒక్కసారీ ఊరికి పోలేదు. "బాబా..." అని నోరు తెరిచేసరికి హాల్లోంచి పొగ వచ్చింది.

కాలింది వీడియో గేమ్ పెట్టె అడాప్టరు. బాబా అమెరికాలో చదువుకునే రోజుల్లో కొన్నది. అక్కడి కరెంటు నూట ఇరవై వోల్టులు, ఇక్కడిది రెండు వందల నలభై. అందుకని మధ్యలో కరెంటు తగ్గించే బరువైన డబ్బా ఒకటి ఉండేది. పనిమనిషి సిద్ధమ్మ బూజు దులుపుతూ దాన్ని పక్కన పెట్టి, అడాప్టరును నేరుగా గోడకు గుచ్చింది.

"సాయంత్రం మా అన్న ఆటకొస్తున్నాడు. పదేళ్ళుగా వాడే గెలుస్తున్నాడు. ఆట లేదంటే భయపడ్డానంటాడు!" బాబా రామాంజులు మీద మండిపడ్డాడు. "అడాప్టర్ తేలేదా, నీకు చుట్టీ మాఫీ, సెలవు లేదు! ఎడారిలో మేకల దగ్గరికి పంపిస్తా. పెట్టె కాలినా అంతే. పో, యల్లా!"

కాలిన అడాప్టరు జేబులో వేసుకొని రామాంజులు ఫర్వానియా బయలుదేరాడు. సిద్ధమ్మ ఏడుస్తూ తమ ఊరి నాగన్నకు ఫోన్ చేసింది. "నాగన్నా, రామాంజులన్నను బాబా పంపించేస్తాండాడు! ఇప్పుడు ఫర్వానియాలో రిపేరు కొట్టు కాడ ఉంటాడు!" ఎక్కడికి పంపిస్తాడో చెప్పేలోగా యజమానురాలు మామా పిలిచింది.

ఫర్వానియాలో కడప రసూల్‌కు రిపేరు కొట్టు ఉంది. అతను ఒక అడాప్టరు తీసి బల్లమీద పడేశాడు. "పిన్ను అదే, తొమ్మిది వోల్టులు. ఖలాస్, తీసకపో అన్నా."

రామాంజులు రెండింటినీ పక్కపక్కన పెట్టి చాలాసేపు చూశాడు.

"బొమ్మ వేరే ఉండాదే. దీంట్లో నడిమి సుక్క కాడ గీత. నీదాంట్లో కూడిక గుర్తు."

"యబ్బో, ఇంజినీరు! నీకు ఇంగ్లీషొచ్చా అన్నా?"

"రాదు. వచ్చింటే నేనూ నీ మాదిరి తొమ్మిది సూసి ఆపేసుంటా."

రసూల్ మీటరు పెట్టి చూశాడు. నవ్వు ఆగిపోయింది. "ప్లస్సూ మైనస్సూ తిరగమర్ల ఉండాది. ఇది పెట్టింటే పెట్టె సచ్చేదే!"

నాలుగు అట్టపెట్టెలు గాలించాక ఇక్కడి కరెంటుకు పనిచేసేది, తొమ్మిది వోల్టులది, మధ్యలో మైనస్ ఉన్నది ఒకటి దొరికింది.

"ఈ ఆంపుల లెక్క పాతదానికంటే పెద్దగుండాదే?"

"పెద్దగుంటే నష్టం లేదన్నా. పెట్టె దానికి కావాల్సినంతే తాగుతాది."

బయటికొస్తే కారు చుట్టూ ఊరి జనం. నాగన్న మూటతో ముందున్నాడు. "పోతాండావంట! ఈ కంబళి మా ఇంట్లో ఇయ్యన్నా."

"ఊరికి గాదు నాగన్నా..."

"తెలుసులే, ఎవురికీ చెప్పకుండా పోదామనుకున్నావు!"

దిల్షాద్ బీ పాలపొడి డబ్బాలు తెచ్చింది. ఇంకెవరో సబ్బులు, మరెవరో తలనొప్పి నూనె. రామాంజులు మాటలు కూడదీసుకునేలోగా డిక్కీ నిండింది, వెనక సీటూ నిండింది.

సాయంత్రం పెట్టె వెలిగింది. పొగ రాలేదు. బాబా తన అన్నను మూడు ఆటల్లోనూ ఓడించాడు. అన్న చాయ్ సగంలో వదిలేసి లేచాడు. గెలుపు ఊపులో ఆయన్ను సాగనంపడానికి వచ్చిన బాబా కారు చూసి ఆగాడు.

"ఏమిటిదంతా?"

"రామాంజులన్న ఊరికి తీసకపోయే సామాను బాబా," అంది సిద్ధమ్మ.

బాబా గట్టిగా నవ్వాడు. "నేను గెలుస్తానని ముందే సర్దుకున్నావా! మీ మామా కూడా నన్ను నమ్మలేదు!" లోపలికెళ్ళి, తన దగ్గర ఉంచుకున్న అతని పాస్‌పోర్టు తెచ్చి రామాంజులు చేతిలో పెట్టాడు. "రెండు నెలలు సెలవు. యల్లా!"

వారం తర్వాత, పెట్టెల్లో తన బట్టలకు చోటు లేక, రామాంజులు నాలుగు చొక్కాలు ఒకదానిమీద ఒకటి తొడుక్కొని విమానం ఎక్కాడు.