గట్టు తెగుట: ఒక ఇంగ్లీషు వివరణ

"ప్రకృతిలో ఏది జరిగినా, ఇకమీదట దాన్ని ఇంగ్లీషులో వివరించి తీరతాం" అని మంత్రిగారు ప్రకటించినప్పుడు చప్పట్లు కొట్టినవాళ్ళలో నేనూ ఉన్నాను. ముందు వరసలో కూర్చోబెట్టారు మరి, కొట్టక చస్తానా? నేను హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టర్ని. వాన ఎలా కురుస్తుంది, అగ్నిపర్వతం ఎలా పేలుతుంది అని తొమ్మిదో తరగతి చేత వివరణ వ్యాసాలు రాయించడం ఇరవై రెండేళ్ళుగా నా వృత్తి. ఆ వ్యాసాలకు ఇంత రాజయోగం పడుతుందని కలలో కూడా అనుకోలేదు.

"మన భాషలో ఎందుకు వద్దు సార్?" అని ఒక విలేకరి అడిగాడు.

"మన భాషలో చెబితే జనం మధ్యలో లేచి ప్రశ్నలు వేస్తున్నారు. ఇంగ్లీషులో చెబితే చివరిదాకా శ్రద్ధగా వింటున్నారు" అన్నారు మంత్రిగారు. ఇంత నిజాయితీగా మాట్లాడే నాయకుణ్ణి నేను చూడలేదు.

మర్నాడు బంగళా నుంచి కబురొచ్చింది. వెళ్ళేసరికి మంత్రిగారు మీసానికి రంగు వేయించుకుంటున్నారు.

"మాస్టారూ, ఈ వివరణ వ్యాసానికి రూల్సేమిటి?"

తొమ్మిదో తరగతికి చెప్పినట్టే చెప్పాను. "ముందు విషయం ఏమిటో ఒక్క వాక్యంలో చెప్పాలండీ. ఆ తర్వాత ఏది ముందు జరుగుతుంది, ఏది వెనక జరుగుతుంది, ఎందుకు జరుగుతుంది, ఇవన్నీ వరసగా చెప్పాలి. సొంత అభిప్రాయాలు ఉండకూడదు. మనుషులు ఉండకూడదు."

మంత్రిగారు దిగ్గున లేచి కూర్చున్నారు. సగం మీసం నల్లగా, సగం తెల్లగా ఉంది. "మనుషులు ఉండకూడదా?"

"ఉండకూడదండీ. వాన కురుస్తుంది, నేల నానుతుంది, కొండ జారుతుంది. ఎవరూ ఏమీ చెయ్యరు. అన్నీ వాటంతటవే జరుగుతాయి."

"కాంట్రాక్టర్లు?"

"వాళ్ళూ మనుషులే కదండీ."

"ఇన్నాళ్ళూ ఎక్కడున్నారయ్యా మీరు!" మంత్రిగారి కళ్ళు చెమర్చాయి. "పీయే, మాస్టారికి కాఫీ చెప్పు. మొదటి వ్యాసం రాసుకోండి మాస్టారూ. రిజర్వాయరు గట్టు ఎలా తెగుతుంది?"

వచ్చిన కాఫీ తాగకుండానే బల్ల మీద పెట్టేశాను. మా వీధి సరిగ్గా ఆ గట్టు కిందే ఉంది. పదహారు ఇళ్ళు. తొమ్మిదోది నాది. అందులో నేను, మా ఆవిడ, మంచం దిగలేని మా అత్తగారు ఉంటాం. పదహారోది మూడంతస్తులది, మంత్రిగారి బావమరిదిది. నిరుడు గట్టుకు మరమ్మతు చేసింది కూడా ఆయనే. ఆర్నెల్లు తిరక్కుండానే పగులిచ్చింది. రిజర్వాయరు గేటు దగ్గర కాపలా ఉండే ముసలాయన మూడు అర్జీలు పెట్టుకున్నాడు. గోడకు చెప్పుకున్నట్టయింది.

"గట్టు ఇంకా తెగలేదు కదండీ" అన్నాను.

"చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం పాత ప్రభుత్వం అలవాటు. మేం ఆకులు ముందే పట్టుకుంటాం."

ఇంటికెళ్ళి చెబితే మా ఆవిడ మొహం వెలిగిపోయింది. "ఆ పగులు సంగతి అందులో రాసెయ్యండి! మూడు అర్జీలకు దొరకని బల్ల మీదికి మీ కాయితం నేరుగా వెళ్తోంది."

"నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు" అంది మంచం మీంచి అత్తగారు. "నన్ను మేడ ఎక్కించడం మటుకు మీ ఇద్దరి వల్లా కాదు. మనకసలు మేడే లేదు."

గట్టు మీదికి వెళ్ళాను. ముసలాయన పగుల్లోకి చెయ్యి పెట్టి చూపించాడు. "పోయిన నెల మణికట్టు దాకా పోయేది మాస్టారూ. ఇప్పుడు మోచెయ్యి దాకా పోతోంది."

ఇరవై రెండేళ్ళ అనుభవమంతా కూడగట్టుకుని రాశాను. "ఫస్ట్, రెయిన్ ఫాల్స్" అని మొదలుపెట్టి, నీరు పగుల్లోకి ఎలా దూరుతుందో, మట్టిని లోపల్నించి ఎలా తోడేస్తుందో వరసగా చెప్పి, ఆఖర్న ఒక వాక్యం చేర్చాను. కాబట్టి వానలకు ముందే పగులు పూడ్చాలి, కింది ఇళ్ళవాళ్ళను పైకి తరలించాలి అని.

పీయే ఎర్ర పెన్సిలు తీశాడు. "ఇదేమిటి మాస్టారూ? ఏం జరుగుతుందో చెప్పేది వివరణ. ఏం చెయ్యాలో చెప్పేది సూచన. రెండూ కలపకూడదని మీ తొమ్మిదో తరగతి పుస్తకంలోనే ఉంది, నలభై రెండో పేజీ."

నిజమే, ఉంది. ఈ తప్పుకే పిల్లలకు నేనెన్ని మార్కులు కోశానో! సిగ్గుపడ్డాను.

"మరి సూచనలు ఎవరు రాస్తారండీ?"

"దానికి వేరే శాఖ. ఇంకా మంత్రి దొరకలేదు."

పక్కనే ఉన్న ఇంజినీరుగారు నసిగారు. "గట్టులో ఇసుక పాలు కాస్త ఎక్కువైందని నేనొక వాక్యం..."

"ఇసుక దానంతటదే పడిందా?"

"లేదండీ, వేశారు."

"వేశారంటే మనుషులొచ్చేశారు. కొట్టెయ్యండి."

ఇంజినీరుగారు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని కొట్టేశారు.

పది రోజుల్లో పుస్తకం అచ్చయింది. ఆవిష్కరణ మా స్కూల్లో అన్నారు గానీ, మబ్బులు పట్టాయని కొండమీది గెస్ట్‌హౌస్‌కు మార్చారు. ఎంత ముందుచూపో చూడండి. మంత్రిగారు నాకు ప్రశంసాపత్రం ఇచ్చి, మొదటి ప్రతి చేతిలో పెట్టారు. ఆత్రంగా చివరి పేజీ తిప్పాను. నేను రాయని వాక్యం ఒకటుంది.

"ఫైనల్లీ, ఫిఫ్టీన్ హౌసెస్ గో అండర్ వాటర్."

పదిహేనా? నా గుండె ఎగిరి గంతేసింది. తప్పు దొరికింది! తప్పు దిద్దాలంటే మళ్ళీ అచ్చువెయ్యాలి, మళ్ళీ వేస్తే నా వాక్యం కాళ్ళావేళ్ళా పడైనా పెట్టించుకోవచ్చు. పీయే దగ్గరికి పరిగెత్తాను.

"పుస్తకం ఆపండి! మా వీధిలో ఇళ్ళు పదిహేను కాదు, పదహారు."

పీయే నా భుజం మీద చెయ్యి వేశాడు. "లెక్క సరిగ్గానే ఉంది మాస్టారూ. మనుషులుండే ఇళ్ళే వేశాం."

వరండా పిట్టగోడ మీంచి కిందికి చూశాను. మా వీధి చివర మూడంతస్తుల ఇంటి ముందు రెండు లారీలు ఆగి ఉన్నాయి. నలుగురు మనుషులు ఒక ఫ్రిజ్జును పైకెత్తుతున్నారు. మా ఆవిడ మా గుమ్మంలో నిలబడి వాళ్ళనే చూస్తోంది. ప్రశంసాపత్రం అక్కడే పడేసి మెట్లవైపు పరిగెత్తాను.

వెనక మంత్రిగారు వరండాలోంచి అరచెయ్యి బయటికి చాచారు. చేతిలో ఒక చినుకు పడింది.

"ఫస్ట్!" అన్నారు సంబరంగా.

సభంతా చప్పట్లు కొట్టింది.