చిలుకల ఇంగ్లీషు హక్కుల పార్టీ

అనగనగా అని మొదలుపెట్టే ఓపిక నాకు లేదు. ఒక పెద్ద అడవిలో ఒకే ఒక్క నీటిగుంట ఉండేది. ఎండాకాలం వస్తే అందులో మోకాలిలోతు నీళ్లే మిగిలేవి. ఈ గొడవంతా ఆ నీళ్ల కోసమే.

పొద్దున్నే ముందు ఏనుగులు తాగేవి. తర్వాత అడవిపందులు దిగి పొర్లేవి. ఆఖరి వంతు రామచిలుకలది. అప్పటికి గుంటలో బురద తప్ప ఏమీ ఉండేది కాదు.

ఈ చిలుకలు ఏడంటే ఏడే. అడవి అంచున ఒకప్పుడు దొరల బంగళా ఉండేది, వీటి తాతముత్తాతలు ఆ వరండాలో పంజరాల్లో పెరిగారు. అందుకని ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడుకునేవి. బయటికొస్తే "వచ్చారండీ దొరలు" అని కోతులు వెక్కిరించేవి.

చిలుకల పెద్ద విల్సన్. ఆ ఏడాది అతని కూతురు రోజీకి నలుగురు పిల్లలు పుట్టారు. బురదనీళ్లు తాగి నలుగురికీ కడుపులు చెడ్డాయి.

"నాన్నా, మంచినీళ్లు దొరక్కపోతే వీళ్లు ఈ ఎండాకాలం దాటరు" అంది రోజీ.

విల్సన్ ఎగురుకుంటూ కొంగ దగ్గరికి వెళ్లాడు. కొంగ అంటే అడవిలో పెద్ద అధికారి. ఒంటికాలి మీద నిలబడి సంతకాలు పెడుతుంది.

"చట్టం ఉంది" అంది కొంగ. "అడవిలో సగంకంటే తక్కువమంది మాట్లాడే భాష ఏదైనా ఉంటే, ఆ భాషవాళ్లకి తెల్లవారగానే మొదటి వంతు. అడవి భాషకైతే ఏమీ అక్కర్లేదు కానీ, బయటి భాషకి అది అడగాల్సింది పార్టీ. పార్టీ అంటే నూరుమంది ఉండాలి."

"మేం ఏడుగురమే కదండీ."

"చేర్చుకోండి. చేరినవాళ్లకి భాష రావాలి. పరీక్ష ఏం పెట్టుకుంటారో మీ ఇష్టం."

ఆ సాయంత్రం చిలుకలన్నీ కూర్చుని పరీక్ష తయారుచేశాయి. వ్యాసం రాయించాలన్నాడు విల్సన్. "మన థామస్ మామయ్యే తప్పుతాడు, ఆయనకి ఎస్ తప్ప ఇంకేం రాదు" అంది రోజీ. బావమరిది పరువు కోసం విల్సన్ తగ్గాడు. డూ యూ స్పీక్ ఇంగ్లీష్ అని అడుగుతారు, ఎస్ అంటే పాసు. అంతే.

ఇక చూడండి తమాషా.

మొదట కుందేళ్లు చేరాయి. పొద్దున్నే మంచినీళ్లు వస్తాయంటే ఎవరికి చేదు? తర్వాత అడవిపంది తన పన్నెండుమంది పిల్లల్నీ వరసగా తోలుకొచ్చింది. "మా ఆయనకి రాకపోయినా పర్లేదు బాబూ, పిల్లల భవిష్యత్తు ముఖ్యం" అంది. వెక్కిరించిన కోతులే ఇంటి ముందు ఇంగ్లీషు బోర్డులు కట్టుకున్నాయి. ఆ బోర్డులు తలకిందులుగా ఉన్నా అడిగే నాథుడు లేడు.

ఒకరోజు పులి జింకని పట్టుకుని "తినెయ్యమంటావా?" అంది. జింక అలవాటు కొద్దీ ఎస్ అంది. పులి గబుక్కున వదిలేసి, "అరె, మన పార్టీయేనా, ముందే చెప్పొద్దూ" అని తన కార్డు చూపించింది.

"నాన్నా, నూరు దాటారు. ఇక చాలించండి" అంది రోజీ.

అప్పటికే విల్సన్‌ని ఏనుగు మీద ఊరేగిస్తున్నారు. "ఉద్యమాన్ని ఆపమంటావా?" అన్నాడు పైనుంచి. వినేవాడైతే కదా.

ఏ భాషవాళ్లు ఎందరో తేల్చే లెక్కల రోజు వచ్చింది. కొంగ అడవంతా తిరిగి చిలుకల ప్రశ్నే అడిగింది. ఎస్, ఎస్, ఎస్. ఆఖరికి ఒక ముసలి దున్నపోతు దగ్గర ఆగింది.

"ఏందయ్యా అది?" అంది దున్నపోతు. "నాకు మా అమ్మ నేర్పిన మాటలే వచ్చు."

కొంగ లెక్క చదివింది. ఇంగ్లీషువాళ్లు నాలుగువందల పన్నెండుమంది. అడవి భాషవాళ్లు ఒక్కరు. చట్టం ప్రకారం మొదటి వంతు ఆ ఒక్కరిది.

విల్సన్ లబలబలాడాడు. "వాళ్లెవరికీ ఇంగ్లీషు రాదండీ, ఒక్క ముక్క తప్ప."

"పరీక్ష తమరు పెట్టిందే కదండీ" అంది కొంగ.

మర్నాడు తెల్లవారగానే దున్నపోతు వచ్చి, కడుపునిండా తాగి, గుంటలోనే హాయిగా పడుకుంది. గట్టు మీద నాలుగువందలమందికి గొంతులు ఎండుతున్నాయి. దాన్ని లేవమనాలంటే అడవి భాషలోనే చెప్పాలి. లెక్క తేలాక ఆ భాష ఎత్తితే ఇంగ్లీషు కార్డు పోతుందని కొంగ రూలు. అందరూ కార్డులు గట్టిగా పట్టుకున్నారు. ఏనుగు మాత్రం ఎస్, ఎస్ అని దగ్గింది.

రోజీ పిల్లలు రెక్కలు వేలాడేశారు. ఆ తల్లికి ఏడుపొచ్చింది. తండ్రి వద్దని సైగ చేస్తున్నా పట్టించుకోకుండా దున్నపోతు కొమ్ము మీద వాలింది.

"పెద్దయ్యా, పిల్లలకి దాహంగా ఉంది. కాస్త జరుగుతారా?" అంది అచ్చమైన అడవి భాషలో.

"అట్లా చెప్పొద్దూ తల్లీ" అని దున్నపోతు పక్కకి జరిగింది. "ఆ మూల నీళ్లు తేటగా ఉన్నాయి, అక్కడ తాపించు. రేపట్నుంచి మీరు తాగాకే నేను దిగుతాలే."

పిల్లలు తాగారు. కొంగ వచ్చి రోజీ పేరూ పిల్లల పేర్లూ ఇంగ్లీషు జాబితాలో కొట్టేసి, అడవి భాషవాళ్లు ఆరుగురు అని రాసుకుంది. పార్టీ అధ్యక్షుడు విల్సన్ మెడలో దండతో ఆఖరి వంతు కోసం కొమ్మ మీద కూర్చున్నాడు.

నీతి: అడవి భాషలో అడిగితే మంచినీళ్లు దొరుకుతాయి, దయచేసి ఈ సంగతి ఎవరికీ చెప్పకండి, అందరూ వచ్చేస్తారు.