చాలా సులువైన పని

గురువారం పొద్దున్న జుమకాదిర్ కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన సున్నం బకెట్ ఉంది. దాని వెనకాల కుంచె చేత్తో పట్టుకుని భార్య జూరకన్ ఉంది.

"లే. గోడకి సున్నం కొట్టాలి."

"కొట్టుకో. నేనేం అడ్డమా?"

"నువ్వే అడ్డం. రెండేళ్ళుగా ఆ గోడకేసి తిరిగి పడుకున్నావ్. నీ తల ఆనిన చోట జిడ్డు మరక చూడు, ఇంకో మొగుణ్ణి గీసిపెట్టినట్టుంది. లేచి ఆ క్లబ్బుకి పో. మధ్యాహ్నం వచ్చేటప్పుడు రొట్టె పట్టుకురా."

రెండేళ్ళ కిందట గనిలో బొగ్గు మోసే బెల్టు అతని కుడిచేతిని మోచేతి పైదాకా తీసుకుపోయింది. గనివాళ్ళు ఆస్పత్రికి వచ్చి ఒక చేతి గడియారం బహూకరించారు. అది పెట్టుకోవాలంటే రెండో చెయ్యి కావాలి. ఆ రోజు గోడవైపు తిరిగిన జుమకాదిర్ మళ్ళీ ఇటు తిరగలేదు. బయటికి వెళ్ళేది ఏడాదికోసారి వైద్యుల కమిషన్ ముందుకి మాత్రమే. చెయ్యి మళ్ళీ మొలవలేదని చూపించి, పింఛనూ చలికాలపు బొగ్గూ నిలబెట్టుకుని వచ్చేవాడు.

క్లబ్బు అంటే నరిన్ నది ఒడ్డున పాత పోస్టాఫీసులో ఒక గది. వికలాంగులకి చేతిపనులు నేర్పడానికి రాజధాని నుంచి పెరిజత్ అనే అమ్మాయి వచ్చింది. గదినిండా తడి గొర్రె వాసన. బల్ల దగ్గర ఇద్దరున్నారు. చిన్నప్పుడు పోలియోతో రెండు కాళ్ళూ పోయిన మెలిస్, చక్రాల కుర్చీలో. పదిహేనేళ్ళుగా చూపు లేని ముసలమ్మ బుబుసారా.

"రండన్నా, కూర్చోండి," అంది పెరిజత్. "ఇవాళ ఉన్ని బంతులు చేస్తున్నాం. ఉన్ని పరవాలి, వేడి సబ్బునీళ్ళు పొయ్యాలి, గట్టిగా ముద్ద అయ్యేదాకా దొర్లించాలి. చాలా సులువు. ఎవరైనా చెయ్యొచ్చు."

"బంతులా? వాటితో ఏం చేస్తారు?"

"పిల్లులకి వేస్తారు," అన్నాడు మెలిస్. "ఈ ఊళ్ళో మనకంటే పిల్లులకే గౌరవం ఎక్కువ. కూర్చో."

ఇరవై ఏళ్ళు భూమి కడుపులోంచి బొగ్గు తవ్విన మనిషికి పిల్లి బంతి అనగానే ఒళ్ళు మండింది. ఆ మంటతోనే ఉన్నిని ఎడమ అరచేతికీ మొండి చేతికీ మధ్య పెట్టి నలిపాడు, పళ్ళతో లాగాడు, మోకాలి కింద వేసి తొక్కాడు. గంట గడిచేసరికి అది బంతి కాలేదు. ఒక ఒంటె అయింది. నాలుగో కాలికి ఓపిక లేక మూడు కాళ్ళతో వదిలేశాడు. ఒంటె ఒకవైపుకి ఒరిగి, ఇప్పుడే ఎవరిచేతో తిట్లు తిన్నట్టు నిలబడింది.

బుబుసారా దాన్ని చేతుల్లోకి తీసుకుని తడిమి చూసింది. "ఇది మా ఆయనే," అంది. "చనిపోయే ముందు అచ్చం ఇలాగే ఉన్నాడు."

మెలిస్ నవ్వాడు. పెరిజత్ నవ్వాపుకోబోయి ఆపుకోలేకపోయింది. అప్పుడు గదిలో ఇంకెవరో బొంగురుగా నవ్వడం వినిపించింది. అది తన గొంతేనని జుమకాదిర్‌కి కాసేపటిదాకా తెలియలేదు. ఆ రోజు రొట్టె సంగతి మరిచిపోయి ఇంటికెళ్ళాడు. జూరకన్ సున్నం చేతులతోనే వెళ్ళి రొట్టె తెచ్చుకుంది.

ఆ తరవాత అతన్ని ఎవరూ లేపాల్సిన పని లేకపోయింది. శరదృతువు అయ్యేసరికి మూడు కాళ్ళ ఒంటెలు ఒక మంద అయ్యాయి. పెరిజత్ సంతోషం పట్టలేక వాటిని జిల్లా ప్రదర్శనకి పంపింది. పత్రికవాళ్ళు వచ్చి ఫొటో తీసుకున్నారు. ఆ వారం పేపర్లో జుమకాదిర్ బొమ్మ కింద పెద్ద అక్షరాలు: "రెండు చేతులున్నవాళ్ళు కూడా చేయలేని పని ఒంటిచేత్తో!"

జూరకన్ ఆ పేపరు పట్టుకుని వీధంతా తిరిగింది. ఎవరో వైద్యుల కమిషన్ అధ్యక్షుడు డాక్టర్ ఎసెనామన్‌కి కూడా ఒకటి ఇచ్చారు.

నెల తిరక్కుండానే కమిషన్ పిలిచింది. ఎసెనామన్ సన్నటి మనిషి, ఎప్పుడూ జలుబు. బల్ల మీద పేపరు పరిచి ఉంది.

"ఇది నువ్వేనా?"

"నేనేనండీ," అన్నాడు జుమకాదిర్, కాస్త గర్వంగానే.

"రెండు చేతులున్నవాళ్ళు కూడా చెయ్యలేనిది చేస్తున్నావట. నాకు రెండు చేతులున్నాయి. నావల్ల కాదు. అంటే పని చేసే శక్తిలో నువ్వు నాకంటే మెరుగు. మరి నేను పింఛను తీసుకోవట్లేదే?"

"డాక్టరుగారూ, అవి బొమ్మలండీ. ఒంటెలు. వాటికి సరిగ్గా కాళ్ళు కూడా లేవు."

"కాళ్ళ సంగతి పశువైద్యుడు చూసుకుంటాడు," అన్నాడు ఎసెనామన్, ముక్కు తుడుచుకుంటూ.

వైకల్యం తరగతి ఒక మెట్టు దిగింది. పింఛను సగం తెగింది. చలికాలపు బొగ్గు పూర్తిగా పోయింది. జీవితమంతా బొగ్గు తవ్వినవాడి ఇంట్లో పొయ్యిలోకి బొగ్గు లేదు.

జూరకన్ నేరుగా క్లబ్బుకి వెళ్ళి పెరిజత్ మీద పడింది. "మా ఆయన్ని గోడ దగ్గర పడుకోనిస్తే ఏం పోయేదే నీకు? గోడ చూసినందుకు పింఛను ఎవరూ తియ్యలేదు! నువ్వొచ్చి ఆయనకి చెయ్యి మొలిపించావ్!"

పెరిజత్ ఏడ్చింది. ఏడుస్తూనే ఇంకో మాట చెప్పింది. వచ్చే బుధవారం కమిషన్ తనే క్లబ్బుకి వస్తోంది, మిగతావాళ్ళు ఏం చేయగలరో కళ్ళారా చూడడానికి.

గది చల్లబడిపోయింది. మెలిస్ చేసే ఉన్ని చెప్పులు బజారులో అమ్ముడుపోతాయి. బుబుసారా పరిచిన ఉన్నిబట్ట మీద చిన్న ముడత కూడా కనిపించదు. ఇద్దరికీ పింఛనే దిక్కు.

"అయితే బుధవారందాకా మనం చేతకానితనం నేర్చుకోవాలి," అన్నాడు మెలిస్. "టీచరమ్మా, చెప్పు. పని ఎలా చెడగొట్టాలి?"

చెడగొట్టడం అంత సులువు కాదని మొదటిరోజే తేలింది. బుబుసారా చేతులు ఆమె మాట వినలేదు. ఏడేళ్ళప్పటినుంచి ఉన్ని పరిచిన చేతులవి. వంకరగా పరవమంటే వంకరగానే మొదలెట్టి, మాటల్లో పడగానే సరిచేసేసేవి. "ఛీ, మళ్ళీ బాగా వచ్చింది!" అని తిట్టుకుంటూ పీకేసి మళ్ళీ మొదలెట్టేది. మెలిస్‌ది వేరే తంటా. అతనికి నటన తలకెక్కింది. చేతులు వణికించడం, నోరు వంకర పెట్టడం, ఇంట్లో అద్దం ముందు సాధన. "కాళ్ళు పోయినవాడికి మూతెందుకు వంకర పోతుందిరా?" అని బుబుసారా అడిగితే, "నీకు కనపడదుగా, నీకెవరు చెప్పారు?" అన్నాడు. "నీ మాట వంకరగా వినపడుతోంది," అంది ఆమె.

బుధవారం ఎసెనామన్ ఇద్దరు వైద్యులతో వచ్చాడు. పెరిజత్ మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. పొయ్యి మీద పెద్ద కుండలో సబ్బునీళ్ళు కాగుతున్నాయి.

"కానివ్వండి," అన్నాడు ఎసెనామన్.

మెలిస్ చేతులు గాలికి ఆకుల్లా వణికాయి. ఉన్ని ఎత్తాడు, జారవిడిచాడు, మళ్ళీ ఎత్తాడు.

"నీకు జబ్బు కాళ్ళకి కదయ్యా? చేతులకెప్పుడొచ్చింది?"

"నిన్నటినుంచేనండీ. మెల్లగా పైకి పాకుతోంది."

ఎసెనామన్ బుబుసారా దగ్గరికి వచ్చాడు. కంగారులో ఆమె చేతులు తమ పాటికి తాము పని కానిచ్చేశాయి. ఎదురుగా చదునైన, అందమైన ఉన్నిబట్ట తయారుగా ఉంది. డాక్టరు దాన్ని పైకెత్తాడు.

"ఇది ఎవరు చేశారు?"

"నేను కాదు బాబూ," అంది బుబుసారా. "ఇంకో గుడ్డిదెవరో చేసి ఇక్కడ పెట్టింది."

అది విన్న మెలిస్ నవ్వాపుకోలేక దగ్గాడు. దగ్గుని వణుకులో కలిపేద్దామని కుర్చీలో ఒక్క ఊపు ఊగాడు. కుర్చీ చక్రం బల్ల కాలికి తగిలింది, బల్ల పొయ్యిని నెట్టింది, కుండ ఒరిగింది. వేడి సబ్బునీళ్ళు నేలంతా పరుచుకున్నాయి. అవి తగలకుండా మెలిస్ వెనక్కి విరుచుకున్నాడు. కుర్చీ రెండు చక్రాల మీద లేచింది. ఇది నటన కాదు.

పక్కనే ఉన్న జుమకాదిర్ ఒక్క అంగలో ముందుకు దూకి కుర్చీని పట్టుకోబోయాడు. కుడిచేత్తో. రెండేళ్ళ కిందట పోయిన చేత్తో.

ఖాళీ చొక్కా చెయ్యి కుర్చీకి తగిలి వెనక్కి వచ్చింది. కుర్చీ పడింది, మెలిస్ పడ్డాడు, జుమకాదిర్ సబ్బునీళ్ళ మీద జారి బోర్లా పడ్డాడు. పొయ్యి అంచు నుదుటికి తగిలి నెత్తురు కారింది. అతను లేవలేదు. దెబ్బ తగిలినందుకు కాదు. ఆ చెయ్యి కుర్చీని పట్టుకుందని అతనికి ఒక్క క్షణం నిజంగానే అనిపించింది. చెక్క చల్లగా వేళ్ళకి తగిలింది. నేలమీద పడి ఉండి, ఆ వేళ్ళ కోసం ఏడ్చాడు.

"చూశారా," అన్నాడు ఎసెనామన్ మెల్లగా, తోటి వైద్యులతో. "తనకి చెయ్యి లేదన్న సంగతి కూడా గుర్తుండదు ఈ మనిషికి."

వారం తిరిగేసరికి తీర్పు వచ్చింది. ముగ్గురూ మొదటి తరగతి. ఏ పనీ చేయలేనివారు, పక్కన మనిషి లేనిదే బతకలేనివారు. జుమకాదిర్ పింఛను పాతదానికంటే పెరిగింది. బొగ్గు బండి వాకిట్లోకి వచ్చింది. జూరకన్ గొర్రె మాంసం వేయించి వీధిలో నలుగురికీ పెట్టింది.

రెండు రోజుల తరవాత ఇంకో కాగితం వచ్చింది. ఏ పనీ చేయలేనివాళ్ళని వేడి నీళ్ళున్న గదిలో కూర్చోబెట్టడం ప్రాణాలకి ముప్పు కాబట్టి క్లబ్బు మూసేశారు. పెరిజత్ రాజధానికి వెళ్ళిపోయి ఏదో కాఫీ హోటల్లో చేరిందని విన్నారు. బుబుసారాని కోడలు పొయ్యి పక్కన కూర్చోబెట్టి, ఏదీ ముట్టుకోవద్దంది. మెలిస్ ఉండేది మూడో అంతస్తులో, లిఫ్టు లేదు. క్లబ్బు ఉన్నన్నాళ్ళూ తమ్ముళ్ళు మోసుకుని దింపేవాళ్ళు. ఇప్పుడు దింపి ఎక్కడికి తీసుకెళ్ళాలి? మంచు పడ్డాక అతను కిటికీలో కూడా కనిపించడం మానేశాడు. జుమకాదిర్ ఆ కిటికీ కింద నిలబడి పిలిచాడు. తమ్ముడు తల బయటపెట్టి, "పడుకున్నాడన్నా," అన్నాడు. పట్టపగలు.

చలి బాగా ముదిరాక ఒకరోజు తలుపు చప్పుడైంది. ఎసెనామన్. చూస్తే నడుం ఒకపక్కకి ఒరిగి ఉంది. జూరకన్ భయపడుతూనే టీ పోసింది.

"క్లబ్బు గది ఇప్పుడు మా కమిషన్‌కిచ్చారు," అన్నాడు డాక్టరు, కూర్చోకుండా. "నేల మంచుగడ్డ. కుర్చీలు ఇనుపవి. నెలరోజులుగా నా నడుం పని చెయ్యట్లేదు. ఒత్తుగా ఉన్ని పరుపులు, కుర్చీకి సరిపడేవి... నువ్వు చేస్తావేమోనని."

జుమకాదిర్ టీ అతని వైపు జరిపాడు. "నేను ఏ పనికీ పనికిరానని మీరే రాశారుగా."

"అది కమిషన్ రాసింది. అడుగుతున్నది నా నడుం."

"నా ఒక్కడివల్ల కాదు డాక్టరుగారూ. ఉన్ని పరవడానికి బుబుసారా అవ్వ కావాలి. అంచులు కుట్టడానికి మెలిస్ కావాలి. వాడు మూడో అంతస్తులో ఉన్నాడు. పరుపులు ఎన్నో చెయ్యాలి కాబట్టి రోజూ దింపాలి, రోజూ ఎక్కించాలి."

"ఎవరు దింపుతారు?"

జుమకాదిర్ ఖాళీ చొక్కా చేతిని ఒకసారి చూసుకుని, డాక్టరు రెండు చేతుల వంక చూశాడు.

మర్నాడు పొద్దున్న ఆ మెట్ల మీద ఇరుగుపొరుగు తలుపులు తెరుచుకుని చూశారు. ఎసెనామన్ నడుం వంచి, మెలిస్‌ని వీపున వేసుకుని, ఒక్కో మెట్టూ దిగుతున్నాడు. మెలిస్ గడ్డం పెరిగి, చిక్కిపోయి, వెలుతురుకి కళ్ళు చిట్లిస్తున్నాడు. "డాక్టరుగారూ, నా చేతుల జబ్బు నయమైనట్టుంది," అన్నాడు చెవిలో.

"నోర్ముయ్," అన్నాడు ఎసెనామన్. రెండో అంతస్తు మలుపులో ఊపిరందక గోడకి ఆనుకుని ఆగాడు. కింద నిలబడ్డ జుమకాదిర్‌ని చూసి గొంతు తగ్గించాడు.

"ఈ సంగతి మాత్రం కమిషన్‌కి తెలియనివ్వకండి."